ఉసిళ్ళా? రెక్కల చీమలా?

పాఠ్యభాగ పరిచయం

తొలకరి వాన వెలసిన సాయంత్రం పెరట్లో నేలను చీల్చుకొని వచ్చే రెక్కల పురుగులను మనమందరం చూస్తూనే ఉంటాం. అయితే వాటిలో చీమలేవో, చెదపురుగులేవో పోల్చి చెప్పగలిగేవారు తక్కువ. ఆ పోలిక తెలుసుకొనే విధానాన్ని, దాని వెనుక ఉన్న జీవన రహస్యాలను, తెలుగునేలతో ఈ కీటకాలకు గల అనుబంధాన్ని వివరించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. పల్నాటి సీమలో ఆ మాట అతిశయోక్తి అనిపించదు. నరసరావుపేట మొదలుకొని గురజాల మీదుగా మాచర్ల వరకు ప్రయాణం చేస్తే, ఒకచోట నెర్రెలు విచ్చిన నల్లరేగడి, మరొకచోట కాళ్ళను కాల్చే సున్నపురాతి నేల కనిపిస్తాయి. అటువంటి నేలపై మృగశిర కార్తె ప్రవేశించాక తొలి వాన కురుస్తుంది. వాన వెలిసి, గాలి చల్లబడి, పొద్దు వాలుతున్న వేళ పెరట్లో ఒక సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. దాని నుండి మొదట ఒకటి, ఆ తరువాత పది, ఆపైన లెక్కకు అందనన్ని రెక్కల పురుగులు బయటకు వచ్చి గాలిలోకి లేస్తాయి. చీకటి పడేసరికి వీధి దీపం చుట్టూ అవే మూగుతాయి. తెల్లవారి చూస్తే గడప దగ్గర ఉల్లిపొరల వంటి రెక్కలు కుప్పగా పడి ఉంటాయి. పురుగులు మాత్రం ఉండవు.

ఈ దృశ్యాన్ని చూసిన ఇంటివారు సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు “చీమలకు రెక్కలు వచ్చాయి” అని తేలికగా తీసుకొని, చీపురుతో ఊడ్చివేసి, ఆ సంగతి మరచిపోతారు. మరికొందరు “చెదలు పట్టాయి” అని భయపడి, పత్తిచేనుకు తెచ్చిన పురుగుమందునే పెరడంతా చల్లుతారు. మొదటివారు చూసినవి నిజంగా చెదపురుగులే అయి, అవి ఇంటి గోడలో నుండే వచ్చి ఉంటే, ద్వారబంధం లోలోపల బోలుగా మారేవరకు వారికి తెలియదు. రెండవవారు చూసినవి చీమలే అయితే, వారు బావి ఒడ్డున, పిల్లలు ఆడుకొనే చోట నిష్కారణంగా విషం చల్లినవారవుతారు. పైగా చెదలను వేటాడి తినే శత్రువులను తమ చేతులతోనే చంపినవారవుతారు. కనుక ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడం కేవలం ప్రకృతి శాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. ఆంగ్లంలో చెదపురుగులకు చాలాకాలంగా ‘తెల్ల చీమలు’ అనే అర్థం గల పేరు వాడుకలో ఉంది. ఆ పేరు రెండు జాతులనూ కలిపివేసి ఎందరినో తప్పుదారి పట్టించింది. తెలుగు ఈ విషయంలో ఎంతో నయం. మనకు చీమ వేరు, చెద వేరు. ఒక మాటకు మరొక మాటతో పోలిక లేదు. అంతేకాదు, రెక్కలు వచ్చిన చెదపురుగులకు ‘ఉసిళ్ళు’ అనే ప్రత్యేకమైన పేరు ఉంది. కొన్ని ప్రాంతాలలో ‘ఈసుళ్ళు’ అని కూడా అంటారు. రెక్కలు వచ్చిన చీమలకు మాత్రం అటువంటి ప్రత్యేక నామం స్థిరపడినట్లు కనబడదు. వాటిని రెక్కల చీమలు అనే అంటాం. పల్లెటూళ్ళలో పెద్దవారు ఉసిళ్ళను చూడగానే గుర్తుపడతారు. ఆ జ్ఞానం ఇంటింటా ఉన్న రోజులలో ఇటువంటి పాఠం అవసరం ఉండేది కాదు.

పైకి ఒకేలా కనిపించినా ఈ రెండింటికీ చుట్టరికం లేదు. చీమలు కందిరీగలకు, తేనెటీగలకు దగ్గర బంధువులు. చెదపురుగులు బొద్దింకల వంశానికి చెందినవి. చాలాకాలం పాటు శాస్త్రవేత్తలు చెదలను ‘ఐసోప్టెరా’ అనే ప్రత్యేక క్రమంగా పరిగణించారు. ఆ పదానికి ‘సమానమైన రెక్కలు గలవి’ అని అర్థం. జన్యు పరిశోధనలు పెరిగిన తరువాత, 2007 నుండి, వాటిని బొద్దింకల క్రమంలోనే ఒక శాఖగా చేర్చడం మొదలైంది. చీమ గుడ్డు నుండి పుట్టిన పిల్ల కాళ్ళు లేని తెల్లని పురుగులా ఉండి, ప్యూపా దశను దాటి చీమగా మారుతుంది. చెద పిల్ల గుడ్డు నుండి వచ్చేటప్పటికే ఆరు కాళ్ళతో, తల్లిదండ్రుల పోలికలతో ఉంటుంది. వేరువేరు వంశాలలో పుట్టి కూడా రెండూ రాణిని, శ్రామికులను, సైనికులను ఏర్పరచుకొని సంఘజీవనం సాగించడం ప్రకృతిలోని విచిత్రాలలో ఒకటి.

ఇక గుర్తించే విధానం. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక తెల్ల కాగితం, ఒక గాజు గ్లాసు, దొరికితే ఒక భూతద్దం చాలు. దీపం కింద పడిన పురుగును గ్లాసుతో మూసి, కాగితం మీదకు చేర్చి, నెమ్మదించిన తరువాత పరిశీలించాలి.

మొదట నడుమును చూడాలి. చీమకు నడుము చాలా సన్నం. రొమ్ము భాగానికీ పొట్ట భాగానికీ మధ్య దారంతో బిగించి కట్టినట్లు ఒక కణుపు ఉంటుంది. కొన్ని జాతులలో రెండు కణుపులు ఉంటాయి. ఉసిలి పురుగుకు ఆ నొక్కు లేదు. తల నుండి తోక వరకు దాదాపు ఒకే వెడల్పుతో సాగిపోతుంది. రెండవది స్పర్శశృంగం, అనగా మీసం. చీమ మీసం మన మోచేయి వలె మధ్యలో వంగి ఉంటుంది. ఉసిళ్ళ మీసం వంపు లేకుండా, చిన్న చిన్న పూసలను దారానికి గుచ్చినట్లు కనిపిస్తుంది. భూతద్దం చేతిలో ఉంటే ఈ ఒక్క లక్షణంతోనే నిర్ణయానికి రావచ్చు.

మూడవది, అన్నింటికంటె సులభమైనది రెక్క. రెండింటికీ నాలుగేసి రెక్కలు. చీమలో ముందు రెక్కల జత పెద్దది, వెనుక జత చిన్నది. వెనుక రెక్క అంచున ఉన్న అతి చిన్న కొక్కేలు ముందు రెక్కను పట్టుకొని ఉండడం వలన ఎగిరేటప్పుడు రెండూ ఒకే రెక్కలా కదులుతాయి. చీమ రెక్కలలో ఈనెలు కొద్దిగా, స్పష్టంగా ఉంటాయి. ఉసిళ్ళలో నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే ఆకారం. అవి దేహాన్ని దాటి వెనుకకు చాలా దూరం సాగి ఉంటాయి. వాటి నిండా సన్నని ఈనెలు. అన్నింటికీ మించి, ఆ రెక్కలు మొదలుకు దగ్గరగా ఉన్న ఒక గీత వద్ద పుటుక్కున విరిగిపోతాయి. వేలితో తాకితే చాలు, రాలిపోతాయి. గడప దగ్గర ఒకే కొలత గల రెక్కలు గుట్టగా పడి ఉంటే, పురుగు కంటపడకపోయినా అవి ఉసిళ్ళవేనని చాలావరకు నిశ్చయించవచ్చు. రెక్కల చీమలు కూడా చివరకు రెక్కలు వదులుకుంటాయి కాని ఇంత తేలికగా, ఇంత గుట్టలుగా దీపాల కింద వదలవు.

రంగును నమ్ముకోరాదు. చెదపురుగు తెల్లగా ఉంటుందన్నది నేలలో, కర్రలో పనిచేసే శ్రామికుల విషయంలో నిజం. వెలుతురులోకి రావలసిన ఉసిళ్ళ దేహం ముదురు గోధుమ రంగులోనో, నలుపుకు దగ్గరగానో ఉంటుంది. “తెల్లగా లేదు కనుక చెద కాదు” అనుకొని పొరపడేవారు ఇందువల్లనే ఎక్కువ. ఎగిరే తీరును చూసి కూడా కొంత ఊహించవచ్చు. ఉసిళ్ళు గాలికి కొట్టుకుపోతున్నట్లు బలహీనంగా ఎగురుతాయి. కాని ఇది అనుభవజ్ఞులకే పనికివచ్చే గుర్తు.

దీపం దగ్గరకు వచ్చే మరొక అతిథిని కూడా ఇక్కడ పేర్కొనాలి. అంగుళానికి చేరువగా ఉండే పొడవు, ఎర్రమట్టి రంగు, లావైన పొడుగాటి పొట్ట, బరువుగా బుర్రుమంటూ ఎగిరి గోడకు కొట్టుకొనే తీరు గల ఈ పురుగును చూసి చాలామంది కందిరీగ అనుకొని భయపడతారు. ఇది ‘డోరిలస్’ అనే భూగర్భ చీమల జాతికి చెందిన మగ చీమ. ఆ జాతి శ్రామికులు నేలలోపలే తిరుగుతాయి కనుక మనకు కనబడవు. వాటి రాణికి రెక్కలే ఉండవు. మగది మాత్రమే ఇలా దీపాన్ని వెదుకుతూ వస్తుంది. దానికి కుట్టే ముల్లు లేదు. నిజానికి ఏ జాతి మగ చీమకూ ముల్లు ఉండదు.

ఇవన్నీ తొలి వానకే ఎందుకు వస్తాయి? నెలల తరబడి పుట్టలో సిద్ధంగా ఉన్న రెక్కల పురుగులకు రెండు అవసరాలున్నాయి. ఒకటి, గాలిలో తేమ. లేనిచో వాటి మెత్తని దేహం త్వరగా ఎండిపోతుంది. రెండు, తవ్వడానికి వీలైన మెత్తని నేల. ఎండిన రేగడిని తవ్వడం వాటి తరం కాదు. ఆ రెండూ ఒకేసారి సమకూడేది వాన కురిసిన నాడే. ఊరిలోని పుట్టలన్నీ ఆ ఒక్క సంకేతానికే స్పందించడం వలన ఒక పుట్టలోని మగవి మరొక పుట్టలోని ఆడవాటిని కలుసుకొనే అవకాశం కలుగుతుంది. ఒకేసారి అసంఖ్యాకంగా రావడంలో మరొక లాభమూ ఉంది. కాకులు, కత్తెర తోక గల పసులపోలిగాళ్ళు, కప్పలు, బల్లులు, చీమలు ఎంత తిన్నా కొన్ని మిగులుతాయి. మిగిలేవి అతి స్వల్పం.

పెళ్ళి విహారం తరువాత ఈ రెండు జాతుల దారులు వేరవుతాయి. మగ చీమ కథ అక్కడితో ముగుస్తుంది. అది కొద్ది కాలంలోనే మరణిస్తుంది. రాణి చీమ మాత్రం ఆ ఒక్క విహారంలో పొందిన వీర్యాన్ని దేహంలో దాచుకొని, రెక్కలు విరుచుకొని, ఒంటరిగా నేలలోకి దిగుతుంది. అనేక జాతులలో ఆమె ఆహారం కోసం బయటకు రాదు. ఇక అక్కరలేని రెక్కల కండరాలే కరిగి ఆమెకు, తొలి సంతానానికి ఆహారమవుతాయి. ఐరోపాకు చెందిన ఒక నల్ల చీమ రాణి ప్రయోగశాలలో 28 ఏళ్ళకు పైగా జీవించింది. ఆ కాలమంతా పెట్టిన గుడ్లకు మూలం తొలినాళ్ళలో పొందిన ఆ నిల్వే.

ఉసిళ్ళలో మగదానికి అటువంటి దుర్గతి లేదు. నేలపై వాలిన ఆడది పొట్ట పైకెత్తి ఒక వాసనను వెదజల్లుతుంది. దానిని పసిగట్టి మగది చేరుతుంది. రెక్కలూడి రెండూ ఒకదాని వెనుక ఒకటి నడుస్తూ అనువైన చోటు వెదుకుతాయి. వాన మరునాడు పెరట్లో జంటలుగా, రైలు పెట్టెల వలె నడిచే రెక్కలులేని పురుగులు కనిపిస్తే అవి ఇవే. అవి చిన్న గదిని తవ్వుకొని లోపలి నుండి మూసుకుంటాయి. అక్కడి నుండి అవి రాజు, రాణి. రాజు రాణితో కలిసి సంవత్సరాల తరబడి జీవిస్తాడు. తొలి సంతానాన్ని ఇద్దరూ కలిసే పెంచుతారు. కాలక్రమంలో రాణి పొట్ట ఉబ్బి, కదలలేని గుడ్ల భాండాగారంగా మారుతుంది. చీమల సంఘంలో శ్రామికులందరూ ఆడవారే కాగా, చెదల సంఘంలో ఆడ, మగ ఇరువురూ శ్రమిస్తారు.

ఈ పురుగులను గురించిన తొలి శాస్త్రీయ పరిశీలనలలో ఒకటి దక్షిణ భారతదేశంలోనే జరిగింది. వర్గీకరణ శాస్త్రానికి ఆద్యుడైన లిన్నేయస్ 1758లో చెదపురుగులను ‘రెక్కలు లేని కీటకాల’ వర్గంలో చేర్చాడు. ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, తంజావూరు ప్రాంతంలో పుట్టలను త్రవ్వి చూసి, రెక్కలు గలవాటితో సహా చెదల జీవితాన్ని వివరించే వ్యాసాన్ని 1779లో జర్మన్ భాషలో ప్రకటించాడు. ఇక్కడి ప్రజలు ఉసిళ్ళను పట్టి ఆహారంగా వాడుకొనే విధానాన్ని కూడా ఆయన నమోదు చేశాడు. గురువు గ్రంథంలో రెక్కలు లేనివిగా నిలిచిపోయిన పురుగులు శిష్యుని కళ్ళ ముందు వేలకొలది ఎగిరి ఉంటాయి. కోనిగ్ చివరి రోజులు తెలుగునేల మీదనే గడిచాయి. 1785లో కాకినాడ సమీపంలోని జగన్నాథపురంలో, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సంరక్షణలో ఉండగా ఆయన మరణించాడు.

ఉసిళ్ళను తినడం నేటికీ వింత కాదు. వాన పడిన రాత్రి పుట్ట దగ్గర దీపం పెట్టి, వాటిని పట్టి, వేయించి, రెక్కలు చెరిగి తినే అలవాటు తెలుగు పల్లెలలో ఉంది. క్రొవ్వు, మాంసకృత్తులు సమృద్ధిగా గల ఆహారమది. తినని వారు తినేవారిని చూసి నవ్వనవసరం లేదు; రొయ్యను తినే నాలుక ఉసిళ్ళను తప్పుపట్టడంలో అర్థం లేదు.

పుట్టను గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. మనం పాముపుట్ట అనేది నిజానికి చెదలు కట్టిన ఇల్లు. పాము అందులో అద్దెకు చేరినది మాత్రమే. నాగుల చవితి నాడు మనం పాలు పోసేది ఈ మట్టి కట్టడానికే. సంస్కృతంలో దీనిని వల్మీకం అంటారు. ఆదికవి తపస్సులో ఉండగా ఆయన చుట్టూ పుట్ట పెరిగిందని, అందుకే ఆయన వల్మీకోద్భవుడైన వాల్మీకి అయ్యాడని ప్రసిద్ధి. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలాన్ని కనుగొనే సూచనలను వివరిస్తూ, చెట్ల సమీపంలోని పుట్టలను ప్రధానమైన గుర్తులుగా పేర్కొన్నాడు. చెదలకు తేమ ఎంత అవసరమో గమనించినవారికి ఆ సూచన నిరాధారం అనిపించదు. వీటన్నింటికంటె ముచ్చటైనది ‘పుట్టగొడుగు’ అనే మాట. పుట్ట కట్టే చెదలు కొన్ని తాము తెచ్చిన కర్రపొట్టుపై లోపల ఒక శిలీంధ్రాన్ని సాగు చేసి, దానినే తింటాయి. వానకాలంలో ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని గొడుగులా పైకి వస్తుంది. ఈ శిలీంధ్ర ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హీమ్ ‘టెర్మిటోమైసిస్’ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రమని దాని అర్థం. తెలుగువారు అంతకు ఎన్నో తరాల ముందే ఆ సంబంధాన్ని ఒక్క సమాసంలో చెప్పి ఊరుకున్నారు.

మళ్ళీ పెరట్లోకి వద్దాం. కాగితం మీది పురుగు రెక్కల చీమ అని తేలితే చేయవలసినదేమీ లేదు. అది కర్రను తినదు. నల్ల గండుచీమల వంటివి నేలలో గూడు కట్టుకొని తమ మానాన తాముంటాయి. ఉసిళ్ళని తేలినా వెంటనే కంగారు పడరాదు. అవి ఎక్కడి నుండి వచ్చాయన్నదే అసలు ప్రశ్న. వీధి దీపానికి మూగినవి పొలం గట్టు మీది పుట్టవి కావచ్చు. వాటికీ మీ ఇంటికీ సంబంధం లేదు. ఇంటి గోడ పగులు నుండి, గచ్చు అతుకుల నుండి, ద్వారబంధం మొదట్లో నుండి బయలుదేరితే మాత్రం ఆలోచించాలి. ఒక చెద సంఘం రెక్కల పురుగులను పంపే స్థితికి ఎదగడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. అనగా అవి ఆ ఇంట్లో కొత్తగా దిగినవి కావు.

పల్నాటి ఇళ్ళలో నేలకు నాపరాళ్ళు పరచడం పరిపాటి. రాయిని చెద ఏమీ చేయలేదు, కాని రాళ్ళ అతుకుల మధ్య ఉన్న మట్టి దానికి రాజమార్గం. పెరట్లో గోడకు ఆనించి వేసిన పత్తికట్టె, మిరపకట్టె మోపులు దానికి విడిది. మోపులను గోడకు దూరంగా, రాళ్ళపై ఎత్తుగా పేర్చడం, గోడ మొదట్లో నీరు నిలవకుండా చూడడం, అతుకులను మూయడం మొదట చేయవలసిన పనులు. ద్వారబంధాన్ని వేలి కణుపుతో తట్టి బోలు శబ్దం వస్తున్నదేమో వినాలి. అవసరమైతే శిక్షణ పొందినవారిచేత, అనుమతి ఉన్న మందునే వేయించాలి. ఒకప్పుడు చెదలపై విరివిగా వాడిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ వంటి మందులు మట్టిలో, జీవుల క్రొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయని తేలడంతో, 2001లో జరిగిన స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం వాటిని తొలగించవలసిన విషాల జాబితాలో చేర్చింది. పొలానికి తెచ్చిన సీసాను ఇంటి గోడ మొదట్లో వంచేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవడం అవసరం.

ఊడ్చిన రెక్కలను పారవేసే ముందు, అవి ఏ గదిలో, ఏ గోడ పక్కన ఎక్కువగా పడ్డాయో రాసిపెట్టుకోవాలి. రెండు వారాల తరువాత ఆ గోడనే మళ్ళీ చూడాలి. పెన్సిలు మందాన మట్టి గొట్టం ఒకటి పైకి పాకుతూ కనిపిస్తే, దానిని కొద్దిగా చిదిపి మరునాడు గమనించాలి. పగులు పూడి ఉంటే లోపల పని జరుగుతున్నట్లే.

అభ్యాసం

1. రెక్కల చీమకు, ఉసిళ్ళకు గల భేదాలను నడుము, మీసం, రెక్కల ఆధారంగా వివరించండి.

2. “రంగును నమ్ముకోరాదు” అని రచయిత అనడానికి కారణమేమి?

3. పెళ్ళి విహారం తరువాత మగ చీమ, మగ ఉసిలి పురుగుల జీవితాలు ఎట్లా సాగుతాయి?

4. ‘పుట్టగొడుగు’ అనే మాటలో దాగి ఉన్న శాస్త్ర విషయాన్ని తెలియజేయండి.

5. సంధి విడదీసి పేరు తెలపండి: వల్మీకోద్భవుడు, రెక్కలూడి, కారణమేమి.

6. మీ ఇంటి పెద్దవారిని అడిగి, మీ ప్రాంతంలో ఉసిళ్ళకు గల పేర్లను, వాటిని పట్టే విధానాలను సేకరించి రాయండి.